ఆనర్స్ విద్యార్థికి ప్రాంగణం ఏమివ్వాలి?



ఈనాటి మన ప్రసంగాంశం విశ్వవిద్యాలయాల్లో ఆనర్స్ విద్యార్థుల కోసం ప్రత్యేకంగా ఏర్పాటు చేసే వసతులు. వసతులు అనగానే మీకు హాస్టల్ గది, మెస్సు, చదువుకునే హాలు గుర్తుకు వస్తాయి. భౌతిక శాస్త్రం చెప్పవలసిన మాస్టారు హాస్టళ్ల గురించి మాట్లాడటమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. కాని ముప్ఫై ఏళ్ల బోధనానుభవంలో నాకు అర్థమైన విషయం ఒకటుంది. విద్యార్థి ఎక్కడ నిద్రపోతాడు, ప్రయోగశాలకు ఎంత దూరంలో ఉంటాడు, సాయంత్రం ఎవరితో కూర్చుని మాట్లాడతాడు అన్నవి కూడా చదువులో భాగమే. అవి సిలబస్‌లో కనిపించవు, అంతే.

ఈ విషయాన్ని ఒక వాస్తవ ఉదాహరణతో పరిశీలిద్దాం. ఆ ఉదాహరణ కోల్‌కతా నగరానిది.

న్యూ టౌన్ నుంచి కాలేజ్ స్ట్రీట్‌కు

కోల్‌కతాకు తూర్పు దిక్కున, విమానాశ్రయానికి దగ్గరగా న్యూ టౌన్ అనే కొత్త నగరం ఉంది. రాజార్‌హాట్ ప్రాంతపు పొలాలు, పల్లెలు ఉన్న చోట 1990ల చివరి నుంచి ప్రణాళిక ప్రకారం దీన్ని నిర్మిస్తూ వచ్చారు. వెడల్పైన రోడ్లు, ఐటీ కార్యాలయాలు, ఎత్తైన అపార్టుమెంట్లతో పాటు విద్యాసంస్థలు కూడా ఇక్కడికి వచ్చాయి. ఆలియా విశ్వవిద్యాలయానికి ఇక్కడ ప్రాంగణం ఉంది. సెయింట్ జేవియర్స్ విశ్వవిద్యాలయం 2017లో ఇక్కడే మొదలైంది. ప్రెసిడెన్సీ విశ్వవిద్యాలయం తన రెండవ ప్రాంగణాన్ని కూడా ఇక్కడే నెలకొల్పింది.

ప్రెసిడెన్సీ అసలు ప్రాంగణం మాత్రం పాత నగరం నడిబొడ్డున, పుస్తకాల దుకాణాలకు పేరుపొందిన కాలేజ్ స్ట్రీట్‌లో ఉంది. 1817లో హిందూ కళాశాలగా ప్రారంభమై, 1855లో ప్రెసిడెన్సీ కళాశాలగా మారి, 2010లో విశ్వవిద్యాలయమైన సంస్థ అది. దాని విద్యార్థుల కోసం 1886లో ఈడెన్ హిందూ హాస్టల్ ఏర్పడింది. తరగతి గదుల నుంచి అక్కడికి నడిచి వెళ్లవచ్చు. మన తొలి రాష్ట్రపతి బాబూ రాజేంద్ర ప్రసాద్ విద్యార్థిగా ఉన్నది ఈ హాస్టల్‌లోనే.

నూరేళ్లు దాటిన భవనం కనుక దానికి మరమ్మతులు అవసరమయ్యాయి. 2015లో విద్యార్థులను ఖాళీ చేయించి, న్యూ టౌన్‌లో ప్రత్యామ్నాయ వసతి చూపించారు. పాత హాస్టల్ మరమ్మతులు అనుకున్న కాలంలో పూర్తి కాలేదు. మూడేళ్లు గడిచాయి. డిగ్రీ మూడేళ్లే కదా! న్యూ టౌన్‌లో చేరిన విద్యార్థి న్యూ టౌన్‌లోనే చదువు ముగించుకుని వెళ్లిపోయే పరిస్థితి వచ్చింది. 2018లో విద్యార్థులు తమ హాస్టల్ తమకు తిరిగి ఇవ్వాలని ఆందోళనకు దిగారు. రాత్రిళ్లు కళాశాల వరండాల్లోనే పడుకున్నారు. ఆ ఏడాది సెప్టెంబరులో స్నాతకోత్సవాన్ని ప్రాంగణంలో జరపలేక, నందన్ అనే సాంస్కృతిక కేంద్రానికి మార్చవలసి వచ్చింది.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకుందాం. కొత్త నగరంలో, విశాలమైన రోడ్ల మధ్య ఉండే వసతిని వదిలి, పాత నగరపు ఇరుకులోకి తిరిగి వెళతామని విద్యార్థులు ఎందుకు అడిగారు? పాత భవనం మీద అభిమానమే కారణమా? అది కొంత నిజమే కావచ్చు. అయితే దీని వెనుక ఒక లెక్క కూడా ఉంది. దాన్ని చేసే ముందు ఆనర్స్ అంటే ఏమిటో చూద్దాం.

ఆనర్స్ అంటే ఏమిటి?

సాధారణ డిగ్రీలో విద్యార్థి రెండు మూడు విషయాలను సమానంగా చదువుతాడు. ఆనర్స్‌లో ఒక విషయాన్ని ప్రధానంగా తీసుకుని లోతుగా చదువుతాడు. బెంగాల్‌లో ఈ పద్ధతి తరతరాలుగా ఉంది. అక్కడ ఎవరైనా పట్టభద్రుడు కనబడితే 'మీ ఆనర్స్ దేనిలో?' అని అడగడం మామూలే. మన ప్రాంతానికీ ఇది కొత్త కాదు. పూర్వం మద్రాసు, ఆంధ్ర విశ్వవిద్యాలయాల్లో ఆనర్స్ కోర్సులు ఉండేవి. మీ తాతగారి తరం వారిలో పేరు పక్కన బి.ఏ. ఆనర్స్ అని రాసుకున్న వారు మీకు తెలిసే ఉండవచ్చు.

ఇప్పుడు ఆనర్స్ మళ్లీ దేశమంతటా వచ్చింది. 2020 జాతీయ విద్యా విధానాన్ని అనుసరించి, విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం 2022 డిసెంబరులో ఒక చట్రాన్ని ప్రకటించింది. దాని ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్ డిగ్రీకి 160 క్రెడిట్లు కావాలి. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, అంతకు మించి మార్కులు వచ్చినవారు నాలుగో ఏట పరిశోధనతో కూడిన ఆనర్స్ చేయవచ్చు. ఆ పరిశోధనకు 12 క్రెడిట్లు కేటాయించారు. 2023-24 విద్యా సంవత్సరంలో ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కళాశాలల్లో ఒకే ప్రధాన విషయంతో ఆనర్స్ ప్రవేశపెట్టారు. పశ్చిమ బెంగాల్‌లో కూడా నాలుగేళ్ల డిగ్రీ ఆ సంవత్సరమే మొదలైంది.

అంటే, ఈ ప్రసంగం వింటున్న మీలో చాలామందికి ఆనర్స్ ఇకపై ఎక్కడో కోల్‌కతా విషయం కాదు. మీ ఊరి కళాశాల విషయమే.

ఒక చిన్న లెక్క

ఇప్పుడు పలక, బలపం తీసుకుందాం. క్రెడిట్ అంటే కాలానికి కొలమానం. సెమిస్టరుకు 15 వారాలు. ప్రయోగశాల పనిలో ఒక క్రెడిట్‌కు వారానికి 2 గంటలు, అంటే సెమిస్టరుకు 30 గంటలు.

న్యూ టౌన్ నుంచి కాలేజ్ స్ట్రీట్‌కు దూరం పది కిలోమీటర్లకు పైనే. నగరపు రద్దీలో వెళ్లడానికి ఒక గంట, రావడానికి ఒక గంట అనుకుందాం. రోజుకు 2 గంటలు. వారానికి ఐదు రోజులు తరగతులుంటే 10 గంటలు. 15 వారాల సెమిస్టరుకు 150 గంటలు. ఏడాదికి రెండు సెమిస్టర్లు కనుక 300 గంటలు.

300 గంటలంటే ఎన్ని ప్రయోగశాల క్రెడిట్లు? 300ను 30తో భాగిస్తే 10 క్రెడిట్లు. నాలుగో ఏట పరిశోధనకు ఇచ్చినవి 12 క్రెడిట్లని చెప్పుకున్నాం. అంటే ఒక విద్యార్థి ఏడాదంతా చేసే పరిశోధనకు పట్టేంత కాలం, ఇంచుమించుగా, బస్సులోనే గడిచిపోతుందన్నమాట.

ఇది కోల్‌కతా విద్యార్థికే పరిమితమని అనుకోకండి. పల్లె నుంచి పొద్దున్నే ఆరున్నర బస్సెక్కి పట్నంలోని డిగ్రీ కళాశాలకు వచ్చే విద్యార్థిని మీ పక్క బెంచీలోనే ఉంటుంది. ఆఖరి బస్సు ఐదింటికైతే నాలుగున్నరకు ఆమె ప్రయోగం వదిలి లేవక తప్పదు. పరికరం కొలత చూపించడం మొదలుపెట్టేది సరిగ్గా అప్పుడే. ఆమెకు తెలివి తక్కువ కాదు, శ్రద్ధ తక్కువ కాదు. తక్కువైంది గంటలు.

కాబట్టి మొదటి సూత్రం ఇది. ఆనర్స్ విద్యార్థికి ప్రాంగణం మొట్టమొదట ఇవ్వవలసింది కాలం. గోడలకు వేసే రంగు, గదిలో పెట్టే బల్ల ఆ తరువాతి సంగతి. న్యూ టౌన్‌లో వసతి ఉండటం తప్పు కాదు. ప్రయోగశాల, గ్రంథాలయం కాలేజ్ స్ట్రీట్‌లో ఉండగా వసతి న్యూ టౌన్‌లో ఉండటమే ఇబ్బంది. ప్రెసిడెన్సీ రెండవ ప్రాంగణంలో ఆరోగ్య శాస్త్రాల విభాగం పని చేస్తోంది. అక్కడ పనిచేసే పరిశోధక విద్యార్థికి న్యూ టౌన్ వసతే సరైనది. పాత నగరంలో వసతి ఇస్తే అతనికి ఇదే లెక్క ఎదురు తిరుగుతుంది.

గోడలో తలుపు

దగ్గరితనం విలువ తెలిసిన శాస్త్రవేత్తలలో సర్ సి.వి. రామన్ ఒకరు. ఆయన బాల్యం, పాఠశాల చదువు విశాఖపట్నంలో గడిచాయి. తండ్రిగారు అక్కడ ఏ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులు. 1907లో రామన్ ప్రభుత్వ ఆర్థిక శాఖ ఉద్యోగిగా కోల్‌కతా చేరారు. బౌబజార్ వీధిలో ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ అనే సంస్థ బోర్డు ఆయన కంటపడింది. డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్ 1876లో స్థాపించిన సంస్థ అది. పరికరాలు ఉన్నాయి కాని వాడేవారు లేరు. రామన్ ఆఫీసుకు వెళ్లే ముందు తెల్లవారుజామున, ఆఫీసు ముగిశాక రాత్రి పొద్దుపోయే దాకా అక్కడ పనిచేసేవారు.

కొంతకాలానికి ఆయన సంస్థను ఆనుకునే ఉన్న ఇంటికి మారారు. ఇంటి నుంచి ప్రయోగశాలలోకి నేరుగా వెళ్లేందుకు మధ్య గోడలో ఒక తలుపు పెట్టించుకున్నారు. రామన్ ఫలితం బయటపడింది 1928 ఫిబ్రవరి 28న. నోబెల్ బహుమతి వచ్చింది 1930లో. ఆ తలుపే నోబెల్ తెచ్చిందని నేననను. కాని పగలంతా ఉద్యోగం చేసే మనిషికి పరిశోధన చేసే గంటలు మిగలడంలో దాని పాత్ర చిన్నదేమీ కాదు.

అదే ప్రయోగశాలకు 1928లో ఒక తెలుగు యువకుడు వెళ్లారు. ఆయన సూరి భగవంతం. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, హైదరాబాదు నిజాం కళాశాలలో చదివిన ఆయన రామన్ వద్ద పనిచేసి, ఆ తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్రాన్ని తీర్చిదిద్దారు. కోల్‌కతాలో ఒక ప్రయోగశాల తలుపు తెరిచి ఉంటే, దాని వెలుగు వాల్తేరు దాకా వచ్చింది.

ఒకే చోట బస చేసిన ఇద్దరు

వసతి వల్ల కాలం మిగలడమే కాక మరో ప్రయోజనం ఉంది. మనం వెతకని మనుషులు మనకు తారసపడతారు. దీనికి ఉదాహరణ కూడా తెలుగువారే. కల్యంపూడి రాధాకృష్ణారావు గారు, అంటే గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన యువకుడు ఒక ఉద్యోగానికి ఇంటర్వ్యూ కోసం కోల్‌కతా వెళ్లారు. ఆ ఉద్యోగం రాలేదు. అక్కడ ఆయన దిగింది దక్షిణాది వారు బస చేసే ఒక హోటలులో. అదే హోటలులో ఉంటున్న మరో యువకుడు గణాంక శాస్త్రంలో శిక్షణ కోసం వచ్చానని చెప్పారు. ఆ మాటల్లోనే రావు గారికి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి తెలిసింది. వెళ్లి చూశారు. 1941లో చేరిపోయారు.

ఆ సంస్థ అప్పుడు ఎక్కడ ఉందో తెలుసా? ప్రెసిడెన్సీ కళాశాల భౌతిక శాస్త్ర విభాగంలోనే. ఆచార్య మహలనోబిస్ తన విభాగంలో కొంత చోటు గణాంకాల ప్రయోగశాలకు కేటాయించగా, అదే 1931లో సంస్థగా రూపుదిద్దుకుంది. సొంత ప్రాంగణం ఆ తరువాత వచ్చింది.

1944లో రావు గారు కలకత్తా విశ్వవిద్యాలయంలో పాఠం చెబుతున్నారు. నమూనాలు చాలా పెద్దవైనప్పుడు అంచనాలో దొర్లే దోషం ఒక హద్దు కంటే తగ్గదని ఒక ఫలితం ఉంది. దాన్ని వివరిస్తుండగా, తరువాతి కాలంలో ఆర్థిక శాస్త్రవేత్తగా పేరు పొందిన వి.ఎం. దండేకర్ లేచి, 'చిన్న నమూనాలకు కూడా ఇలాంటిదే నిరూపించవచ్చు కదా?' అని అడిగారు. రావు గారు ఆ రాత్రి కూర్చుని నిరూపించి, మర్నాడు తరగతిలో చెప్పారు. 1945లో ప్రచురించిన ఆ ఫలితాన్నే నేడు ప్రపంచమంతా క్రామర్-రావు హద్దు అంటుంది. ఎంత తెలివైన పద్ధతి వాడినా, ఇచ్చిన దత్తాంశం నుంచి ఇంతకు మించిన ఖచ్చితత్వం రాదని చెప్పే సూత్రమది. అప్పుడు రావు గారి వయస్సు 24 ఏళ్లు. 2023లో, 102 ఏళ్ల వయస్సులో, ఆయనకు అంతర్జాతీయ గణాంక శాస్త్ర బహుమతి లభించింది. ఆ ఏడాది ఆగస్టులోనే కన్నుమూశారు.

ఇందులో మనం గమనించవలసిన విషయాలు రెండు. మొదటిది, బస చేసిన చోట జరిగిన మాటామంతీ. రెండవది, తరగతిలో లేచి అడిగిన ప్రశ్న. ఈ రెంటికీ పెద్ద భవనం అక్కరలేదు. మనుషులు ఒకరికొకరు దగ్గరగా, భయం లేకుండా ఉండాలి. అదే రెండవ సూత్రం. ప్రాంగణం ఇవ్వవలసిన రెండవ వస్తువు సాంగత్యం.

తలుపు ఎవరి కోసం?

ఇంతవరకు విన్నవారికి ఆనర్స్ విద్యార్థులకు ప్రత్యేక హాస్టల్, ప్రత్యేక గ్రంథాలయం, ప్రత్యేక ప్రయోగశాల కట్టేస్తే సరిపోతుందనిపించవచ్చు. తొందరపడవద్దు. ఇందులో ఒక చిక్కు ఉంది. ప్రత్యేక వసతి అన్నామంటే, కొందరికి ఉంటుందని, మిగిలిన వారికి ఉండదని అర్థం. ఆ గీత ఎక్కడ గీస్తున్నాం?

మళ్లీ ఈడెన్ హిందూ హాస్టల్‌కే వెళదాం. ఆ పేరులోనే ఒక గీత ఉంది. ముస్లిం విద్యార్థుల కోసం కోల్‌కతాలో 1910లో బేకర్ హాస్టల్ అని వేరే ఏర్పాటు చేయవలసి వచ్చింది. అంతటితో ఆగలేదు. 1911లో ఢాకా వైపు నుంచి ఒక విద్యార్థి ప్రెసిడెన్సీలో చేరి, హిందూ హాస్టల్‌లో దిగాడు. చిన్న కిరాణా కొట్టు నడుపుకునే తండ్రి కొడుకు. పేరు మేఘనాద్ సాహా. ఆయనది తక్కువ కులమని, తమతో పాటు భోజనశాలలో కూర్చోరాదని అక్కడి విద్యార్థులు కొందరు అభ్యంతరం చెప్పారు. చివరకు ఆయన హాస్టల్ విడిచి బయట మెస్సులో చేరవలసి వచ్చింది.

1913లో బి.ఎస్‌సి. గణితం ఆనర్స్ పరీక్షలో సత్యేంద్రనాథ్ బోస్ మొదటి స్థానంలో, సాహా రెండవ స్థానంలో నిలిచారు. 1920లో సాహా ప్రకటించిన సమీకరణం నక్షత్రాల కాంతిని చదివే విధానాన్నే మార్చింది. ఒక వాయువులో ఎన్ని పరమాణువులు ఎలక్ట్రాన్‌ను కోల్పోతాయన్నది ఉష్ణోగ్రత, పీడనాల మీద ఎలా ఆధారపడుతుందో ఆ సమీకరణం చెబుతుంది. దానితో నక్షత్రపు వర్ణపటాన్ని చూసి దాని ఉష్ణోగ్రతను అంచనా వేయడం సాధ్యమైంది. అటువంటి మనిషికి తోటి ఆనర్స్ విద్యార్థులు పంక్తిలో చోటివ్వలేదు.

సాహా అంతటివాడు కనుక తట్టుకుని నిలిచాడు. ఆ గీతకు అవతలే ఉండిపోయి, పేరు కూడా మిగలని వారెందరో మనం లెక్కించలేం.

కులం గురించి చెప్పి, నా తప్పు చెప్పకపోతే న్యాయం కాదు. కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన ఒక కళాశాలలో మార్కుల ప్రకారం పన్నెండు మందిని ఎంపిక చేసి, వారి కోసం ఒక ప్రత్యేక గది తెరిచాము. పుస్తకాలు, రెండు కంప్యూటర్లు, ఒక మంచి స్పెక్ట్రోమీటరు పెట్టాము. తాళం నా దగ్గర ఉండేది. ఒకరోజు సాయంత్రం జాబితాలో లేని ఒక అబ్బాయి వచ్చి, 'సార్, సోడియం దీపం గీతలు రెండుగా విడిపోతాయంటారు కదా, ఆ స్పెక్ట్రోమీటరులో ఒక్కసారి చూడనిస్తారా?' అని అడిగాడు. నిబంధన ప్రకారం కుదరదన్నాను. 'సరే సార్' అని వెళ్లిపోయాడు. మళ్లీ అడగలేదు. సంవత్సరాంతంలో రిజిస్టరు తిరగేస్తే, వారానికి ఇద్దరు ముగ్గురికి మించి ఆ గదికి వచ్చింది లేదు. పరికరం మీద దుమ్ము పేరుకుంది. చూడాలన్న కోరిక ఉన్నవాడిని బయట నిలబెట్టి, మార్కులున్న వారి కోసం గది తాళం వేసి ఉంచాను. మరుసటి ఏడు తాళం పద్ధతి మార్చాము. ఎవరైనా ముందురోజు పేరు రాసి, చేయదలచిన ప్రయోగం ఏమిటో రెండు వాక్యాలు రాస్తే చాలని నియమం పెట్టాము. ఆ అబ్బాయి అప్పటికే చదువు ముగించి వెళ్లిపోయాడు.

కాబట్టి మూడవ సూత్రం. ప్రత్యేక వసతికి తలుపు ఉండవచ్చు. ఆ తలుపు పుట్టుకను బట్టి కాదు, మూడేళ్ల కిందటి మార్కులను బట్టి మాత్రమే కాదు, చేయదలచిన పనిని బట్టి తెరుచుకోవాలి.

ఇతర దేశాల్లో

ఈ సమస్య ఇతర దేశాలకూ ఉంది. అమెరికాలో స్వార్త్‌మోర్ కళాశాల అధ్యక్షుడు ఫ్రాంక్ ఐడెలట్ 1922లో ఆనర్స్ పద్ధతి ప్రవేశపెట్టారు. ఆయన ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో చదివి వచ్చినవారు. అక్కడ చూసిన పద్ధతినే తన కళాశాలకు తగినట్టు మలిచారు. కొద్దిమంది విద్యార్థులు అధ్యాపకుడితో కూర్చుని చర్చించడమే అందులో ప్రధానం. దానికి కావలసింది ఒక బల్ల, కొన్ని కుర్చీలు, తీరిక ఉన్న అధ్యాపకుడు.

అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయం మరో దారి పట్టింది. అక్కడి బారెట్ ఆనర్స్ కళాశాల 1988లో ఏర్పడింది. 2009లో టెంపీ నగరంలో దాని కోసం హాస్టళ్లు, తరగతి గదులు, భోజనశాల అన్నీ ఒకేచోట ఉండేలా ఒక ప్రత్యేక సముదాయాన్ని ప్రారంభించారు. పెద్ద విశ్వవిద్యాలయంలో విద్యార్థి తప్పిపోకుండా, చిన్న కళాశాలలోని దగ్గరితనం అందించడం దాని ఉద్దేశం. అదే సమయంలో ఆ విద్యార్థులు మిగతా విశ్వవిద్యాలయపు కోర్సుల్లోనూ చదువుతారు. అంటే ఇల్లు వేరైనా, ఊరు ఒకటే.

మన దేశంలో అన్ని కళాశాలలకు అటువంటి సముదాయాలు కట్టే స్తోమత లేదు. కాని స్వార్త్‌మోర్ బల్ల మనకూ సాధ్యమే.

మీరు అడగవలసిన ప్రశ్నలు

త్వరలో మీరు ఏదో ఒక కళాశాలలో ఆనర్స్‌లో చేరబోతారు. కొందరు ఇప్పటికే చేరి ఉంటారు. చేరేముందు భవనం ఫోటో చూసి నిర్ణయించుకోకండి. ఈ నాలుగు ప్రశ్నలు అడగండి.

ఒకటి, ప్రయోగశాల, గ్రంథాలయం సాయంత్రం ఎన్నింటి వరకు తెరిచి ఉంటాయి? తరగతులు జరిగేటప్పుడే తెరిచి, అవి ముగియగానే మూసేసే గ్రంథాలయం ఆనర్స్ విద్యార్థికి అందని ద్రాక్షే.

రెండు, నేను ఉండే చోటుకు, పని చేసే చోటుకు మధ్య రోజుకు ఎన్ని గంటలు పోతాయి? ఇందాక చేసిన లెక్క మీ ఊరి అంకెలతో మీరే చేసి చూడండి.

మూడు, అధ్యాపకులు తరగతి బయట ఎప్పుడు, ఎక్కడ దొరుకుతారు?

నాలుగు, ప్రత్యేక వసతిని ఎవరు వాడవచ్చు? జాబితాలో లేనివారు అడిగితే ఏం చెబుతారు?

ఈ ప్రశ్నలకు సంతృప్తికరమైన సమాధానం రాకపోతే నిరుత్సాహపడనక్కరలేదు. మీరే కొంత చేయవచ్చు. నలుగురు విద్యార్థులు వారానికి ఒకరోజు గంటసేపు కూర్చుని, ఒక్కో వారం ఒకరు ఒక అంశం చెప్పి, మిగిలిన ముగ్గురూ ప్రశ్నలడిగే పద్ధతి పెట్టుకోండి. బస్సు మీద ఆధారపడిన మిత్రురాలు ఉంటే, ఆమె బస్సుకు తగినట్టుగా ఆ గంటను మధ్యాహ్నానికి మార్చండి. ప్రయోగశాల మరో గంట తెరవమని ప్రిన్సిపాలు గారికి అందరూ సంతకాలు పెట్టి వినతిపత్రం ఇవ్వండి. చేయదలచిన ప్రయోగం ఏమిటో అందులో స్పష్టంగా రాయండి. అలా రాసిన కాగితాన్ని కాదనడం ఏ ప్రిన్సిపాలుకైనా కష్టం. ఈ మాట తాళం చేతిలో పెట్టుకున్నవాడిగా చెబుతున్నాను.

పునశ్చరణ

ఈనాటి ప్రసంగంలోని ముఖ్యాంశాలను ఒకసారి గుర్తు చేసుకుందాం. ఆనర్స్ అంటే ఒక విషయాన్ని లోతుగా చదవడం. లోతుకు కాలం కావాలి కనుక వసతి, ప్రయోగశాల, గ్రంథాలయం ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. న్యూ టౌన్‌కు, కాలేజ్ స్ట్రీట్‌కు మధ్య దూరం మనకు నేర్పినది ఇదే. రెండవది సాంగత్యం. సి.ఆర్. రావు గారికి దారి చూపింది ఒక హోటలులో పరిచయం, పేరు తెచ్చింది ఒక విద్యార్థి ప్రశ్న. మూడవది తెరిచిన తలుపు. మేఘనాద్ సాహాకు హాస్టల్‌లో ఎదురైన అవమానాన్ని మనం మరచిపోరాదు.

ఇంట్లో చేయడానికి మీకొక పని ఇస్తాను. వచ్చే సోమవారం నుంచి శనివారం వరకు మీరు ప్రయాణానికి, తరగతికి, సొంతంగా చదవడానికి, మిత్రులతో చర్చకు ఎన్ని గంటలు ఖర్చు చేశారో నాలుగు గడుల పట్టికలో రాయండి. ఆ పట్టికను మీ అధ్యాపకుడికి చూపించి, ఏ గడిని ఎలా మార్చవచ్చో మాట్లాడండి. మీ కళాశాలలో ఏ వసతి ముందు కావాలో ఆ పట్టికే చెబుతుంది.